గ్రీసుతో అభిషేకం

లక్సెట్టిపేట మండలం,
8 జనవరి 2024

చెల్లె రిబ్కమ్మకు,

ప్రభువు కృప నీ గడప దాకా వచ్చి ఆగిందో, లోపలికి అడుగు పెట్టిందో నాకు తెలియదు. పెట్టి ఉంటే నీకు వందనాలు.

ఈ ఉత్తరం చూసి ఉలికిపడకు. నువ్వు లక్ష్మణ్‌ను చేసుకున్న దినాన నేను సంఘం ఎదుట మోకరించి, "ఇగ దానితోని నా నోటితోని మాట్లాడ" అని ఒట్టు పెట్టుకున్నాను. ఆ ఒట్టు అట్లనే ఉంది. కన్నకూతురు పోతున్నా మొక్కుబడి తప్పని న్యాయాధిపతి కథ బాపు మనిద్దరినీ ఒళ్లో పెట్టుకుని చెప్పలేదా? అయితే ఒట్టు నోటికి ఉంది, చేతికి లేదు. అందుకే రాస్తున్నాను. ఫోన్ చేయకు. ఎత్తను.

సంగతి బాపు జీపుది. దాని మీద మైకు కట్టుకుని ఆయన గోదావరి ఒడ్డు ఊళ్లన్నీ తిరిగి వాక్యం చెప్పాడు. ఆయన తరువాత ఆ స్టీరింగు వెనక మల్లన్న, ఆ మైకు వెనక నేను. ఇప్పుడు వెనక చక్రాలు రెండూ మూలుగుతున్నాయి. పూర్వం ప్రవక్తను మోసిన గాడిద నోరు తెరిచి మాట్లాడినట్టు ఇది కూడా ఏదో చెబుతోంది. లక్సెట్టిపేట మేస్త్రీ కింద దూరి చూసి, "బేరింగులు పోయినయి, గ్రీసు సీల్లు పోయినయి, షాఫ్టు ఊగుతున్నది. తుక్కుకు ఎయ్యి ప్రసంగమయ్యా" అన్నాడు. మంచిర్యాలలో ఒకడైతే చూడకుండానే నవ్వాడు. ఆ కాలం బండిని విప్పి మళ్లీ కట్టగల చెయ్యి నీ భర్తది ఒక్కటే అని ఇద్దరూ చెప్పారు. మన విశ్వాసం లేని అన్యుడి పేరు రెండు నోళ్ల నుంచి ఒకే తీరుగా వచ్చినప్పుడు నేను తల వంచక తప్పలేదు.

నా కోసమైతే రాయను. మనల్ని కన్న అవ్వ కోసం రాస్తున్నాను. మోకాళ్లు పట్టేశాయి. నిన్ను చూడాలని పట్టు. బస్సులో తీసుకుపోతానంటే, "బస్సు ఎక్క, ఆటో ఎక్క. మీ బాపు జీపుల ముంగట సీట్ల కూసుండి నా బిడ్డ ఇంటికి పోత. ఆయన పక్కపొంట అట్లనే తిరిగిన" అంటుంది. బాగైతే మొదటి ప్రయాణం హుజూరాబాదుకే అని మాట ఇచ్చాను. నేను మాత్రం నీ ఇంట్లోకి రాను. అవ్వను దించి జీపులోనే కూర్చుంటాను.

సత్యం విషయంలో రాజీ ఎరుగని నీ అన్న,
మైసయ్య

*

హుజూరాబాద్,
19 జనవరి 2024

అన్నా,

ఇన్నేండ్ల తరువాత నీ చేతిరాత చూశాను. నీ అక్షరాలు కూడా నీ లెక్కనే నిలబడి చేతులు ఊపుతున్నాయి.

ఆయన ట్రాక్టరు కింద ఉంటే పక్కన కూర్చుని చదివి వినిపించాను. కింది నుంచే, "మీ అన్న చేతికి గూడ ఒట్టు పెట్టకపోవుడు మంచిగైంది" అని నవ్విండు. తరువాత బయటికి వచ్చి, చేతులు తుడుచుకుని, జీపు ఏ కాలందో, ఎడమ చక్రం ఎక్కువ మూలుగుతుందో కుడిది మూలుగుతుందో అడిగిండు. రానంటాడేమో అని భయపడ్డాను, అనలేదు.

గాడిద కథ నువ్వు సగమే రాశావు. దారికి అడ్డంగా కత్తి పట్టుకుని నిలబడ్డ దూత ఆ గాడిదకు కనబడ్డాడు. మీద కూర్చున్న ప్రవక్తకు కనబడలేదు. ఆయన దాన్నే కొట్టాడు. నేను కూడా బాపు ఒళ్లోనే విన్నాను అన్నా.

జీపును తాడు కట్టి ఈడ్చుకు తేవద్దట, చక్రాలు తిరిగితే షాఫ్టు ఇంకా చెడుతుందట. తనే వస్తాడు. బేరింగులు వరంగల్‌లో దొరికాయి. ఆ కాలపు తోలు సీల్లు ఎక్కడా లేవు, కొలత చూసి రబ్బరువి తెచ్చాడు. పని చేసినందుకు నాకు కావలసింది ఒక్కటే. అవ్వ ఇక్కడ ఎండాకాలం దాకా ఉండాలి. నా బిడ్డ ఆరాధన బడికి పోతున్నది, అమ్మమ్మ ముఖం ఇంకా ఫోటోలోనే. నువ్వు జీపు దిగకుంటే చాయ్ జీపులోకే పంపిస్తాను. తాగుతావో పారబోస్తావో నీ ఇష్టం.

ఆయన వచ్చినప్పుడు అన్నం మాత్రం పెట్టించు.

నీ చెల్లె,
రిబ్క

*

లక్సెట్టిపేట మండలం,
4 ఫిబ్రవరి 2024, ఆదివారం

చెల్లె రిబ్కమ్మకు,

ఆరాధన ముగించి, అంగీ అయినా మార్చకుండా, సంతోషం ఆరకముందే రాస్తున్నాను.

జీపు లేచి నిలబడింది! నీ భర్త గుడి ఆవరణలో రెండు దినాలు పని చేశాడు. నీ భర్త అయినా న్యాయం చెప్పాలి, పని తెలిసినవాడు. బ్రేకు డ్రమ్ములకు పుల్లరు తగిలించి బిగిస్తుంటే అవి ఠప్పుమని ఊడి వచ్చాయి. షాఫ్టు లాగి, పాత బేరింగు నా చేతిలో పెట్టి, "గుండ్లకు మశూచి పోసినట్టున్నది సూడు బావా" అన్నాడు. పాత సీలు అప్పడం లెక్క విరిగింది. నేను బాపు సంగతి చెప్పబోతే మధ్యలో అందుకుని, "మామ దీన్ని ప్రార్థన జేసి నడిపిండు, గ్రీసు గూడ పెట్టిండు. నువ్వు ఒట్టి ప్రార్థన మీదనే నడిపినవ్" అన్నాడు. మల్లన్న పకపకా నవ్వాడు. నేను ఇద్దరికీ అపహాసకులు కూర్చునే చోటు గురించి చెప్పాల్సి వచ్చింది.

అరచేతిలో గ్రీసు పోసుకుని, బేరింగును దానికేసి ఒత్తి ఒత్తి, గుండ్ల సందుల్లోంచి పైకి ఊరేదాకా నింపాడు. సీలు పెదవి లోపలి వైపు తిప్పి, చెక్కముక్క అడ్డం పెట్టి మెల్లగా కొట్టి కూర్చోబెట్టాడు. అవ్వ ఆ రెండు దినాలు అక్కడే కుర్చీ వేయించుకుని కూర్చుంది. మధ్యాహ్నం బాపు కంచంలో అన్నం పెట్టి, "తిను బిడ్డా, మా ఆయిన కూడా గ్రీసు చేతులతోనే తింటుండె" అంది. ఆ కంచంలో నాకు ఇంతవరకు పెట్టలేదు. ఈ మాట రాయకూడదు, రాశాను.

పోయేటప్పుడు ఇరుసు చివరన ఉన్న గ్రీసు ఎక్కించే చిన్న నిప్పిలు చూపించి, "దీంట్ల ఇప్పుడే గ్రీసు కొట్టకుండ్రి. నేను పెట్టింది సాలు. ఎక్కువ కొడితే సీలును తోసుకొని బ్రేకుల మీదికి వస్తది" అని హెచ్చరించాడు.

ఇక ఈ దినపు మహిమ విను. మన సంఘంలో కొత్తది ఏది వచ్చినా, బావి మోటారు కానీ కుట్టు మిషన్ కానీ, ఇంటికొకరు వచ్చి నూనె ముట్టించి ప్రతిష్ఠ చేయడం బాపు పెట్టిన పద్ధతి. జీపుకు కొబ్బరినూనె ముట్టిస్తే ఏం లాభం? దాని నూనె గ్రీసు! గ్రీసు గన్ను తెప్పించి, రెండు వైపులా, ఇంటికి ఒక్క ఒత్తు చొప్పున అందరితో ఒత్తించాను. శంకరవ్వ తెలుసు కదా, ఇద్దరు కొడుకులూ గల్ఫ్ పోయి ఒక్కతే ఉంటుంది. గన్ను పట్టే బలం లేదు. రొమ్ముకు ఆనించుకుని, ఏడుస్తూ, పిల్లల పేర్లు చెప్పుకుంటూ ఒత్తింది.

నీ భర్త మాట నాకు జ్ఞాపకమే. అన్యుడు ఉగ్గుగిన్నెతో కొలుస్తాడు. మన దేవుడు గిన్నె నిండి పొర్లేదాకా పోస్తాడు.

వచ్చే శనివారం పొద్దున బయలుదేరుతున్నాం. అవ్వ ఇప్పటికే సంచి సర్దుకుని మంచం కింద పెట్టుకుంది.

పొర్లిన గిన్నెకు సాక్షి,
మైసయ్య

*

హుజూరాబాద్,
9 ఫిబ్రవరి 2024

అన్నా,

వందనాలు తరువాత. ముందు ఇది చదువు.

నీ ఉత్తరం ఇప్పుడే వచ్చింది. జీపు కదిలించకు. ఫోన్ చేస్తే కట్ చేస్తున్నావు. మల్లన్న ఫోన్ బంద్ ఉంది. ఎవరి నంబరు నుంచి చేసినా నా గొంతు వినగానే పెట్టేస్తున్నావు. నీ ఒట్టు నీ దగ్గర పెట్టుకో, చెవికి ఒట్టు లేదు కదా!

ఇంటింటికి ఒక్క ఒత్తు అంటే ఎంత గ్రీసో ఆలోచించావా? ఆయన చదివి ముఖం పాడు చేసుకున్నాడు. "నింపిన బేరింగుల మీద అంత కొడితే సీలు ఆగదు. ఎన్క బ్రేకులు రెండు జారుతయి. ముసలామెను ఎక్కియ్యద్దని రాయి" అన్నాడు. డ్రమ్ములు ఊడదీసి, గ్రీసంతా తుడిచి, బ్రేకు షూలు కడిగి, సీల్లు చూడాలట. రేపు పొద్దున్నే మోటార్ సైకిల్ మీద తనే బయలుదేరి వస్తున్నాడు. వచ్చేదాకా ఆగు. ఒక్క పూట.

మా వీధి రంజిత్ ఈ సాయంత్రం లక్సెట్టిపేట బస్సు ఎక్కుతున్నాడు. ఉత్తరం పొద్దున్నే నీ చేతికి ఇస్తాడు.

అవ్వ కోసం నేనూ ఎదురుచూస్తున్నాను. ఆలస్యమైతే కానివ్వు.

రిబ్క

*

లక్సెట్టిపేట మండలం,
12 ఫిబ్రవరి 2024

రిబ్కకు,

జరిగింది నీకు తెలుసు. ఆసుపత్రిలో నువ్వు ఒక తలుపు నుంచి లోపలికి వస్తుంటే నేను ఇంకో తలుపు నుంచి బయటికి పోయాను. నర్సు, "అయ్యా, మందులు ఎవరికి చెప్పాలె?" అని వెనక అరుస్తూనే ఉంది. ఒట్టు ఒట్టే.

కానీ ఎట్లా జరిగిందో నా నుంచి విను. గోదావరి వంతెన దిగుడులో బర్లు అడ్డం వచ్చాయి. మల్లన్న బ్రేకు తొక్కాడు. కాలు కింద పెడలు గట్టిగానే ఉంది, బండి మాత్రం జారుకుంటూ పోయింది. "అయ్యా, ఆగుతలేదు!" అని ఇసుక కుప్ప మీదికి తిప్పాడు. జీపు ఒరిగింది. అవ్వ ముందు సీటు నుంచి బయట పడింది. తుంటి ఎముక విరిగింది. ఆ ముసలి నోటి నుంచి వచ్చిన కేక నా చెవిలో నుంచి పోవడం లేదు.

అంతలో నీ భర్త మోటార్ సైకిల్ మీద అక్కడికి వచ్చాడు. ఎట్లా వచ్చాడు? ఏ దారిలో ఏ జాగాలో ఏమవుతుందో తెలిసినవాడి లెక్క, సరిగ్గా అప్పుడే! అవ్వను రెండు చేతులతో ఎత్తి, వచ్చే కారు ఆపి ఎక్కించాడు. నన్ను చూసి ఒక్క మాట అనలేదు. తప్పు లేనివాడు ఏదో ఒకటి అంటాడు.

నీ ఉత్తరం రంజిత్ ఇచ్చిన మాట నిజమే. ప్రయాణ ప్రార్థన హడావిడిలో చదవలేకపోయాను. చదివినా ఏముంది? సీలు తిరగేసి పెట్టినవాడే బ్రేకులు జారుతాయని ముందే రాయగలడు. నేను వాడికి వాక్యం చెప్పాను, వాడి ముఖం మీదనే చెప్పాను. ఆ కసి పెట్టుకున్నాడు. నిన్న ఆదివారం ప్రసంగ వేదిక మీద పేరు పెట్టి చెప్పాను. హుజూరాబాద్ సంఘం పెద్దలకు కూడా రాశాను. తోడేలుకు గొర్రెల కొట్టం తాళం ఇచ్చింది నేనే, ఆ తాళం నేనే తీసుకుంటాను.

దుఃఖంలో ఉన్న,
మైసయ్య

*

కరీంనగర్, ఆసుపత్రి,
19 ఫిబ్రవరి 2024

అన్నా,

అవ్వకు ఆపరేషన్ అయింది. రాడ్ వేశారు. నడుస్తుందో లేదో డాక్టరు చెప్పడం లేదు. నువ్వు అడగలేదు, అయినా రాస్తున్నాను.

జీపు పోలీస్ స్టేషన్ ఆవరణలో ఉంది. ఆయన మల్లన్నను వెంట తీసుకుపోయి, కానిస్టేబుల్ ఎదుట డ్రమ్ములు విప్పాడు. సీలు పెదవి లోపలికే ఉంది, నువ్వు కళ్లారా చూసి రాసినట్టే. మీ గ్రీసు దాన్ని ఒక పక్కకు తోసి బయటికి వచ్చింది. మల్లన్న నా ముందే చెప్పాడు. "చెల్లె, దోసిళ్లతోని తీసినం. బ్రేకు షూలు బురదల ముంచినట్టే ఉన్నయి. ముంగటి బ్రేకులు ఒక్కటే అంత బరువును ఏం ఆపుతయి? పెండ్లిల గులాబ్ జామ్ సుత గంత పాకంల మునగది." ఆ మాటకు తనే నవ్వబోయి, అవ్వ మంచం చూసి ఆగిపోయాడు.

ఇంకో మాట కూడా చెప్పాడు. నా ఉత్తరం నువ్వు చదవలేకపోలేదు. జీపు పక్కన నిలబడి, అందరికీ వినబడేట్టు చదివి, "అన్యుని భయం సూడుండ్రి!" అని నవ్వి, మడిచి వాక్య గ్రంథంలో పెట్టుకున్నావు. అవ్వను అడిగాను. ఆమె గోడ వైపు చూస్తూ, "నాకు గూడ ఇనబడ్డది బిడ్డా. ఆగుదాం అందామనుకున్న. నిన్ను సూసే ఆశల సప్పుడు చెయ్యలే" అన్నది.

ఆయన ఆ జాగాకు ఎట్లా వచ్చాడని అడిగావు. నీ దగ్గరికే వస్తున్నాడు. నువ్వు ఫోన్ ఎత్తి ఉంటే అంత తొందరపడి రాకపోవును. ఏమీ ఎందుకు అనలేదు? అవ్వ చేతుల్లో ఉన్నప్పుడు అనడానికి ఏముంటుంది?

నీ ఉత్తరం మా సంఘం పెద్దలు అందరికీ చదివారు. సంఘం హాస్టల్ వ్యాను ఆయన దగ్గరే బాగుచేయించేవారు, తీసుకుపోయారు. మన విశ్వాసుల ఆటోవాళ్లు ఆయన రిపేరు షెడ్డు ముందు నుంచే పోతున్నారు కానీ ఆగడం లేదు. ఇన్నేండ్లు ఆయన పని మీద ఒక్క మాట పడలేదు అన్నా. ఆ షెడ్డులో దేవుని బొమ్మలు ఉన్నాయి, దాచలేదు. నేను ఆదివారం గుడికి పోతే ఆపలేదు. కసి పెట్టుకునే మనిషైతే నా పెళ్లి దినమే పెట్టుకునేవాడు.

నువ్వు ఏ వేదిక మీద నిలబడి ఆయన పేరు చెప్పావో, అదే వేదిక మీద నిలబడి సీలు సరిగ్గానే ఉందని చెప్పు. ఇక్కడికి కూడా రాయి. నాకు ఇంకేమీ వద్దు. నాతో మాట్లాడకున్నా సరే.

రిబ్క

*

లక్సెట్టిపేట మండలం,
11 మార్చి 2024

చెల్లె రిబ్కమ్మకు,

శ్రమల కాలం ఇది. ఉపవాసంలో ఉన్నాను. కఠినంగా రాయను.

స్టేషన్‌కు పోయి చూశాను. గ్రీసు చూశాను. సీలు పెదవి చూశాను. నీతో వాదించను.

నిన్న ఆదివారం ఒక సంగతి జరిగింది. ప్రసంగం మధ్యలో శంకరవ్వ లేచి నిలబడింది. మల్లన్న నోరు ఊరంతా తిరిగినట్టుంది. "ప్రసంగమయ్యా, మేం పెట్టిన గ్రీసుతోనేనా మీ అవ్వ పడ్డది? నా చెయ్యి గూడ ఉన్నది కదా దాంట్ల" అని అడిగింది. ఆడవాళ్ల వైపు గన్ను ఒత్తిన చేతులన్నీ ఒళ్లో పెట్టుకుని నన్నే చూస్తున్నారు.

నేను ఏం చెప్పాలి? అవునని చెబితే, ఆ ముసలిది ఇంకెప్పుడైనా చెయ్యి చాపి దీవిస్తుందా? ఏడ్చుకుంటూ ప్రార్థన చేసి ఒత్తితే మనిషి తుంటి విరిగిందని తెలిసినదానికి, ప్రార్థన మీద ఏం నమ్మకం మిగులుతుంది? ఎండల్లో చెమటోడ్చి బాపు కట్టిన సంఘం అది. "కాదు శంకరవ్వా. సీలు తిరగేసి పెట్టిండు. మీ చేతులు పవిత్రం" అన్నాను. ఆమె కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. గుడి అంతా ఊపిరి తీసుకుంది.

నన్ను అబద్ధికుడు అంటావు. అను. కానీ తూచి చూడు. ఒక్క మనిషి పేరు పోవడం మంచిదా, మొత్తం సంఘం పాడైపోవడం మంచిదా? లక్ష్మణ్ బయటివాడు. వాడికి హుజూరాబాదులో అన్యుల బండ్లు ఎన్ని లేవు? నాలుగు దినాలైతే జనం మరిచిపోతారు. నేను వాడి పేరు మళ్లీ ఎత్తను, మాట ఇస్తున్నాను. వాడి కోసం ప్రార్థన కూడా చేస్తాను.

జీపును జగిత్యాల నుంచి వేరే మేస్త్రీ వచ్చి బాగుచేస్తున్నాడు. పునరుత్థాన పండుగ తెల్లవారుజామున ఊరేగింపు ఉంటుంది. ఆసుపత్రి నుంచి నీ ఇంటికి చేరిన అవ్వను ముందు సీటులో కూర్చోబెట్టాలి. ఆమె క్షేమంగా తిరిగి వచ్చిందని సంఘం చూడాలి. పండుగకు ముందే పంపించు. మల్లన్నను కారు తీసుకుని పంపుతాను.

భారం మోస్తున్న,
మైసయ్య

*

హుజూరాబాద్,
21 మార్చి 2024

అన్నా,

నీ ఉత్తరం అవ్వ అడిగితే, ఆయన ఎదుటనే చదివాను. శంకరవ్వ దగ్గరికి వచ్చేసరికి అవ్వ కళ్లు తుడుచుకుంది. నీ దగ్గరికి వచ్చేసరికి తుడుచుకోవడం ఆపింది.

సంఘమంతా పాడు కావడం కంటే ఒక్క మనిషి పోవడం మేలు. ఈ మాట నీకు ఎక్కడి నుంచి వచ్చింది? పొద్దున లేస్తే రాత్రి దాకా వాక్యంలో ఉండేవాడివి, తెలియక రాశావా? ప్రభువును పట్టి చంపించడానికి పెద్దలంతా ఆలోచన చేసినప్పుడు ఈ మాట అన్నవాడు ఆ ఏటి ప్రధాన యాజకుడు. ఆయన కూడా జనం కోసమే అన్నాడు. ఆయన కూడా గుడిని కాపాడాలనే అన్నాడు. బహుశా ఆయన కూడా ఉపవాసంలోనే ఉండి ఉంటాడు.

వచ్చే శుక్రవారం శ్రమల ప్రసంగం నువ్వే చెబుతావు. ఆ వచనం దగ్గరికి వచ్చినప్పుడు నీ గొంతు ఎప్పటిలాగే పైకి లేవాలి. తగ్గించి చదవకు.

శంకరవ్వకు నేను వేరే ఉత్తరం రాయడం లేదు. నీ బదులు నిజం చెప్పే పని నాది కాదు. ఆమె ఏమవుతుందో అని నువ్వు భయపడ్డావు. ఆమె నీ కన్నా గట్టిది. భర్తను పూడ్చి, ఇద్దరు కొడుకులను ఎడారికి పంపి, నిండు గుడిలో లేచి నిలబడి అడిగింది. అడిగిన మనిషి జవాబు మోయగలదు. మోయలేనివాడు ఎవరో నువ్వే చూసుకో.

ఆయన ఏమన్నాడని నువ్వు అడగవు. "రాయకు, పోనియ్యి" అన్నాడు. నేను పోనివ్వను. పొద్దున లేచి షెడ్డు తెరిచి, పని లేక, ఉన్న స్పానర్లే మళ్లీ మళ్లీ తుడుస్తున్నాడు. ఆ చప్పుడు వంటింట్లోకి వినబడుతుంది.

అవ్వ పండుగకు రాదు. మల్లన్నను పంపకు. ఇది నా పట్టు కాదు. ఆమె ఇప్పుడు ఎక్కడ ఉందో చెబుతాను, అట్లానే ఊహించుకో. మొన్నటి నుంచి పొద్దున చాయ్ కాగానే, "నన్ను షెడ్డు కాడికి తీస్కపోండ్రి" అంటుంది. ఆయన ఎత్తుకుపోయి రోడ్డు మొఖాన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెడతాడు. పక్కన వాకర్, ఒళ్లో నీళ్ల బాటిల్. మన గుడివాళ్లు ఎవరు ఆ దారిన పోయినా పేరు పెట్టి పిలుస్తుంది. పేరు తెలియకుంటే, "ఓ నీలి అంగీ!" అని పిలుస్తుంది. ఆగినవాడికి తుంటి చూపించి చెబుతుంది. "మా అల్లుడు సీలు సక్కగనే పెట్టిండు. జీపుల కూసున్నదాన్ని నేను. పడ్డదాన్ని నేను. నన్నడుగుండ్రి."

కొందరు ఆగుతున్నారు. కొందరు తల దించుకుని పోతున్నారు. నిన్న ఎండ ముదిరింది, "ఇగ సాలు అవ్వా, లోపటికి పా" అన్నాను. కదలలేదు. ఆరాధన గొడుగు తెచ్చి పట్టింది.

"నా కొడుకు చెప్పాలె ఈ మాట" అన్నది అవ్వ. "వాడు చెప్పేదాక నేను చెప్త."

రిబ్క